దారి ఆపే చేయి, దారి అడిగే కూత

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల్లో బండి నడిపే సోదరులారా, ఆ బండ్లను ఆపే ఉద్యోగులారా, ఈ మాట మీ ఇరువురికీ కలిపి చెబుతున్నది. శ్రద్ధగా వినండి.

2021 మే నెలలో అలంపూర్ దాపున, పుల్లూరు టోల్‌గేటు వద్ద జరిగినదాన్ని మరువకండి. కరోనా రెండో విడత ఉగ్రరూపం దాల్చిన రోజులవి. కర్నూలు వైపు నుంచి ఊపిరందని రోగులతో హైదరాబాదుకు బయలుదేరిన అంబులెన్సులను తుంగభద్ర దాటగానే తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందన్న రుజువూ, కంట్రోల్ రూము అనుమతీ చూపనిదే కదలనివ్వలేదు. అనుమతికై వేచిన బండ్లలోనే రోగులు కన్నుమూశారని పత్రికలు రాశాయి. మే 14న తెలంగాణ హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీ, జస్టిస్ బి. విజయసేన్ రెడ్డిల ధర్మాసనం ఈ ఆంక్ష పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. గద్వాల, అలంపూర్ ప్రజలు ప్రాణం మీదికొస్తే నది దాటి కర్నూలు పెద్దాసుపత్రికే పరుగెత్తేవారు. ఆ ఊరు వీరిని ఏనాడూ సరిహద్దు అడగలేదు. ఆ ఊరి రోగులకు మాత్రం మన గడ్డమీద బారికేడు ఎదురైంది. అక్కడ నిలుచున్న కానిస్టేబుల్ క్రూరుడని నేననను. పైవారి ఆజ్ఞ అతని చేతిని ఎత్తించింది. అయినా ఆ చేయి ఎవరి ప్రాణం కాపాడటానికి అతనికి దక్కిందో, వారికే అడ్డుపడింది.

ఆపే చేయీ, దారి అడిగే సైరనూ రెండూ నమ్మి దాచమని ప్రజలు అప్పగించిన సొమ్ము. దాచినవాడు ఆ సొమ్మును సొంతానికి వాడుకుంటే అతణ్ణి ఏమంటారో మీకు తెలుసు.

ముందుగా సైరన్ సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది చదవండి. రకరకాల స్వరాల్లో, కర్ణకఠోరంగా మోగే హారన్లు మామూలు బండికి నిషిద్ధం. అంబులెన్సు, అగ్నిమాపక శకటం, విధి నిర్వహణలో ఉన్న పోలీసు, రవాణా శాఖ అధికారుల వాహనాలు, అటువంటి మరికొన్నింటికే మినహాయింపు. 2013 డిసెంబరులో అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సైరన్లు, ఎర్రబుగ్గల ఆర్భాటాన్ని తీవ్రంగా మందలించింది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలు కూడా దిగిపోయాయి. బుగ్గ పోయింది కాని దాని గర్వం పోలేదు. పదవి లేనివాడు సైతం, పదవి ఉన్నవాడి వెనుక తిరుగుతున్నానన్న ఒక్క ధీమాతో, కొత్తకోట నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా కూత పెట్టుకుంటూ పోతాడు.

ఓయీ, నీ బండిలో చావుబతుకుల మధ్య ఉన్నదెవరు? పెళ్లి విందుకు ఆలస్యమైతే పులిహోర చల్లారుతుంది, అంతే. అవతలివాడు నీకు దారి ఇచ్చింది నీ మీది గౌరవంతో కాదు. లోపల ఎవరో తల్లి పురిటినొప్పులు పడుతున్నదేమో, ఎవరి బిడ్డకో పాము కరిచిందేమో అన్న జాలితో ఇచ్చాడు. ఆ జాలిని నీవు దొంగిలించావు. రెండుసార్లు మోసపోయినవాడు మూడోసారి అద్దంలో చూసి, ‘ఎవడో లీడరు కారులే’ అని ఎడమకు జరగడు. ఆ మూడోసారి వచ్చేది అచ్చంపేట నుంచి బయలుదేరిన 108 కావచ్చు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఎందరు పేదలకు దిక్కయిందో పల్లెల్లో అడిగి తెలుసుకో. అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. దారి ఇవ్వనివాడికే అంత శిక్ష అయితే, ఇచ్చే మనసునే చంపినవాడి తప్పు ఎంతటిది?

ఇప్పుడు చెక్‌పోస్టు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపడం నీ విధి. అందులో అవమానమేమీ లేదు. ఫోనులో డిజీలాకర్ ద్వారా చూపినదీ చెల్లుతుంది. ఇతర కాగితాలు ఆ క్షణాన చేతిలో లేకుంటే తర్వాత సమర్పించే వీలును చట్టం ఇచ్చింది. నీ లైసెన్సు స్వాధీనం చేసుకుంటే 206వ సెక్షను ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడుగు. గొంతు పెంచకుండా అడుగు, కాని అడగడం మానకు. భయపడి చేతిలో పెట్టే నోటు లంచమే. ఇచ్చినవాడివీ నీవే గనుక తర్వాత లోకాన్ని తిట్టే అర్హత సగం పోతుంది.

ఉద్యోగీ, నీకూ ఒక మాట. చెయ్యెత్తి ఆపు, మర్యాదగా అడుగు, తప్పుంటే రాసివ్వు. కదిలే బండి తాళంచెవి లాగితే నడిపేవాడు కింద పడతాడు. అలా లాగమని మోటారు వాహనాల చట్టం ఎక్కడా చెప్పలేదు. మద్యం తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకోరాదనీ, తాగని, లైసెన్సు ఉన్న తోటివాడుంటే అతనికి అప్పగించాలనీ 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఈ మాట విని తాగుబోతు సంబరపడనక్కరలేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే 185వ సెక్షను కింద కేసు ఎలాగూ తప్పదు. రైతు బజాజ్ మీద వచ్చినప్పుడు నీ గొంతు ఒకలా, నల్ల అద్దాల కారు వచ్చినప్పుడు మరొకలా పలికితే, నీ ఒంటిమీది ఖాకీ గౌరవాన్ని నీవే తగ్గించుకున్నట్టు. అక్రమ సైరన్ బండిని ముందు ఆపి చూడు. ఆ ధైర్యం చూసిన జనం నీవు రాసే చలానాను గొణక్కుండా కడతారు.

బండి నడిపేవాడా, శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూస్తారు. అమ్రాబాద్ అడవిలోని పులుల కోసం పెట్టిన నియమమది. అక్కడి కాపలావాడితో పలుకుబడి మాటలు వద్దు. పొద్దుండగానే బయలుదేరు, ఆలస్యమైతే ఊళ్లో బస చెయ్యి.

సైరన్ బిగించుకున్నవాడా, చలానా పడేదాకా ఆగకు. మెకానిక్ దగ్గరికి పోయి హారనూ తీగా విప్పించు, స్టీరింగు కింది స్విచ్చు కూడా మిగల్చకు. కొడుకు తన బండికి అలాంటిదే కావాలంటే డబ్బివ్వకు.