కర్త యెవరు?

మా తరగతిలోని బాలు డొకడు మొన్న చెరువులను గూర్చి యొక వ్యాసము వ్రాసి తెచ్చెను. అందు తప్పన్నది లేదు. సంతసించి, అందలి యొక వాక్యమునకు భావ మడిగితిమి. వాడు తల వంచుకొని, "చాట్‌జీపీటీ రాసిందండి, మాస్టారూ" అనెను. వానిని దండించుటకు మాకు నోరు రాలేదు. ఏలయన, ఆ వారమే పరీక్షకు ప్రశ్నపత్రమును మేమును ఆ యంత్రముచేతనే కూర్పించియుంటిమి. వాని దోషమును మా దోషమును ఒక్కటియేనా యని ఆ రాత్రి విచారించితిమి.

వ్యాకరణమున, స్వతంత్రుడై పని నడపువాడు కర్త. వానికి మిక్కిలి తోడ్పడునది కరణము. వడ్రంగి కర్త, ఉలి కరణము. 2022 నవంబరులో లోకమునకు వెల్లడియైన ఈ యంత్రము విద్యాభ్యాసమున కరణముగా నున్నదా, కర్తయై కూర్చున్నదా? ఇదియే ప్రశ్న.

తుర్కీదేశమున నొక ఉన్నత పాఠశాలలో సుమారు వేయిమంది విద్యార్థులతో జరిపిన ప్రయోగమును గూర్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రకటించిరి. గణితాభ్యాసమున యంత్రమును యథేచ్ఛగా అడుగ వీలున్నవారు, అది లేనివారికంటె నూటికి 48 వంతులు మిన్నగా లెక్కలు చేసిరి. పిమ్మట యంత్రమును తీసివేసి పరీక్ష పెట్టగా, దాని నెన్నడును వాడనివారికంటె నూటికి 17 వంతులు వెనుకబడిరి. జవాబు చెప్పక సూచనలు మాత్రమే యొసగునట్లు, ఉపాధ్యాయుల సలహాతో తీర్చిన యంత్రమును వాడినవారికో, ఆ నష్టము దాదాపుగా కలుగలేదు.

కార్యాలయములయందు వేరొక విశేషము కనబడినది. వినియోగదారుల సందేహములు తీర్చు 5,000కు మించిన యుద్యోగులను గూర్చి స్టాన్‌ఫర్డు, ఎం.ఐ.టి. పండితులు 2023లో వెల్లడించిన పరిశోధనలో, క్రొత్తవారి పనితనము యంత్రసాహాయ్యమున నూటికి 34 వంతులు పెరిగెను. నేర్పరుల సంభాషణలనుండి యంత్రము గ్రహించిన మెలకువలు క్రొత్తవారికి చేరెను. యంత్రము నిలిచిపోయిన వేళలందును వారి నేర్పు కొంత నిలిచియే యుండెను.

ఇచట నిలిచిన విద్య అచట నేల జారిపోయెను? మాకు తోచిన కారణ మిది. ఆ యుద్యోగికి యంత్రము మాట నందించును. దానిని గ్రహించుటయో త్రోసిపుచ్చుటయో వాని పని. ఎదుట విసిగియున్న మనుష్యు డొకడు కలడు. మాట తప్పైన తక్షణమే తెలియును. కర్తృత్వము వానిని విడువలేదు. బాలునికో, ప్రశ్నకును జవాబునకును నడుమ చేయదగిన పనియే లేకపోయెను.

కావున యంత్రమును బడినుండి వెడలగొట్టుడని కొందరందురు. మే మట్లనజాలము. పొద్దంతయు కూలిచేసి వచ్చిన తల్లి, అక్షరము రాని తండ్రి, బిడ్డకు బీజగణిత మెట్లు చెప్పుదురు? ట్యూషనుకు రుసుము చెల్లింపగలవారి బిడ్డలకే రాత్రివేళ గురువు దొరకుట న్యాయమా? విసుగక వందమారులు చెప్పు తోడు పేదబిడ్డకు వరమే. అయితే చేయి పట్టి మెట్లెక్కించు తోడు వేరు, ఎత్తుకొనిపోవు తోడు వేరు. ఎత్తుకొనిపోబడినవాని కాళ్లు బలపడవు.

దోషములో పెద్దపాలు మాది. ఇన్నాళ్లు ముగిసిన వ్యాసమునకే మార్కులు వేసితిమి గాని, దానిని వ్రాయుటలో పడిన పాటును చూడమైతిమి. ఫలమునకే వెల కట్టినచోట, బాలుడు ఫలమును ఎక్కడినుండియో తెచ్చుట వింతయా?

మరునాడు ఆ బాలుని పిలిచి, ఆ వ్యాసమునే ముందుంచి, "ఇందులో నిజం కానిదేమైనా ఉందేమో వెతుకు, నాయనా" అంటిమి. చెరువులు వానతో నిండునన్న వాక్యమువద్ద వాడు ఆగి, "మా ఊరి చెరువు కాలువ నీళ్లతో నిండుద్దండి" అనెను. దానిని కొట్టివేసి, నాలుగు తప్పులతో తన వాక్యము వ్రాసెను. ఆ తప్పులను దిద్దుట మాకు పండుగ యయ్యెను. ప్రశ్నపత్రమును మేమును మరల మా చేతితోనే వ్రాసితిమి.

బాలుని కర్తగా నిలుపునట్టి ప్రశ్న వేయుట యంత్రము పని కాదు, గురువు పని. సోదరోపాధ్యాయులు విచారింతురు గాక.