అమ్మ చేవ్రాలు

(చదువవలసిన వాక్యభాగములు: లూకా 14:28–32; 2 రాజులు 4:1–7)



విజయవాడనుండి మన తిరువూరు మీదుగా జగదల్‌పూరునకు పోవు పెద్ద రోడ్డున తెల్లవారుజామున నడచువారికి ఒక దృశ్యము కనబడును. మామిడితోటల ప్రక్కన, ఇంకను చీకటి విడువకముందే, మన పిల్లలు నలుగురైదుగురు జట్టుగా పరుగెత్తుచుందురు. వారు ఆటకొరకు పరుగెత్తుటలేదు. సైన్యములో చేరగోరువాడు 1,600 మీటర్ల దూరమును 5½ నిమిషములలో ముగించినయెడల ఆ పరుగునకు పూర్తి మార్కులు దొరకును. ఆ అర నిమిషము కొరకే వారు నెలల తరబడి చెమటోడ్చుచున్నారు.

ఆ పిల్లలలో ఒకని తల్లి ఒక శుక్రవారము ఉపవాస ప్రార్థన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చెను. కొడుకు వెనుక నిలిచియుండెను. వానికి పదునేడున్నర యేండ్లు. ఇంటర్ ముగించినాడు. పదునెనిమిది నిండనివాని చేరిక కాగితముపై తల్లిదండ్రులుగాని సంరక్షకులుగాని సంతకము చేయవలెనని నియమము. “అయ్యగారూ, వీడు నెగ్గితే నన్ను సంతకము పెట్టమంటున్నాడు. నాకు ఒక్కడే మగబిడ్డ. పెట్టమంటారా, వద్దంటారా? మీరు చెప్పినట్టే చేస్తాను” అని ఆమె అడిగెను. నేను నోరు తెరువకముందే వాడు వేరొక ప్రశ్న అడిగెను. “అయ్యగారూ, తుపాకి పట్టినవాడు ప్రభువు బల్లయొద్దకు రావచ్చునా?”

ఒక యింటినుండి రెండు ప్రశ్నలు వచ్చినవి. ఆ రాత్రి నేను రెంటికిని జవాబు చెప్పలేదు. కారణము చెప్పెదను. కొన్ని యేండ్లక్రిందట ఇట్టి పిల్లవాడే యొకడు నాయొద్దకు రాగా, నేను ఒక్కమాటయైన అడుగక, ఆదివారము ఆరాధనలో వానిని ముందు నిలువబెట్టి, దావీదు గొల్యాతుల కథ చెప్పి, ప్రార్థించి పంపితిని. వాడు శిక్షణలో నిలువలేక మూడు నెలలలో తిరిగివచ్చెను. అందరియెదుట అంత ఘనముగా సాగనంపబడినవాడు అందరియెదుటికి మరల రాలేకపోయెను. నేడు వాడు ఏ సంఘములోను లేడు. వాని సిగ్గులో నా తొందరపాటు పాలు గలదు. దావీదు కథలో నేను మరచిన మాట యొకటున్నది. సౌలు తన కవచమును తొడిగించినప్పుడు, ఇది నాకు వాడుక లేదని దావీదు తీసివేసెను (1 సమూయేలు 17). మనకు సరిపడని కవచమును ఇతరులు తొడిగించినను తీసివేయుట పిరికితనము కాదు.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు వత్తము. సిపాయి వృత్తి స్వతహాగా పాపమా? యొర్దాను తీరమున సిపాయిలు బాప్తిస్మమిచ్చు యోహానును మేమేమి చేయవలెనని అడిగిరి (లూకా 3:14). ఆయన కొలువు మానుడని చెప్పలేదు. ఎవరిని బెదరించి సొమ్ము లాగవద్దనియు, అబద్ధపు నేరములు మోపవద్దనియు, వచ్చు జీతముతో తృప్తిపడవలెననియు చెప్పెను. ఆయన నిషేధించినవి చేతిలో ఆయుధమున్నవానికి మిక్కిలి సులువైన పాపములు. కపెర్నహూము శతాధిపతి విశ్వాసమును ప్రభువు మెచ్చెను. కొర్నేలీ యింటిమీదికి పరిశుద్ధాత్మ దిగెను. వీరిద్దరు సిపాయిలే.

కాని వేదము రెండవ ప్రక్కను దాచలేదు. కత్తి పట్టువాడు కత్తిచేతనే పోవునను అర్థముగల మాటతో ప్రభువు పేతురు చేతిని ఆపెను (మత్తయి 26:52). దావీదు చాల రక్తము ఒలికించినందున మందిరము కట్టు భాగ్యము ఆయనకు దొరకలేదు (1 దినవృత్తాంతములు 22:8). అందుచేతనే ఆది సంఘములో అనేకులు సైన్యమునకు దూరముగా నుండిరి. క్రీ. శ. 295లో ఉత్తర ఆఫ్రికాలోని తెబెస్సా పట్టణములో మాక్సిమిలియన్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు సైన్యములో చేరనని చెప్పి ప్రాణము నిచ్చెను. చక్రవర్తి కొలువులో క్రైస్తవ సిపాయిలు ఉన్నారు గదా అని అధికారి అడుగగా, తమకు తగినది వారికే తెలియును, నేను మాత్రము క్రైస్తవుడనై కీడు చేయజాలనని ఆయన బదులుచెప్పెనట. ప్రాణము పోవు సమయమున సైతము ఆయన ఇతర విశ్వాసులకు తీర్పు తీర్చలేదు. మన ప్రక్కనున్న తెలంగాణములో, మహబూబ్‌నగరు ప్రాంతమున, మెన్నొనైట్ బ్రెదరన్ సంఘములు గలవు. ఆయుధము పట్టరాదనుట ఆ శాఖవారి పూర్వికులనుండి వచ్చిన బోధ. ఆ మనస్సాక్షి నిమిత్తము దేశములు విడిచి వలసపోయినవారు వారిలో అనేకులు.

కాబట్టి పిల్లవానితో నేను తరువాత ఇట్లంటిని. “బాబూ, ప్రభువు బల్ల నీకు మూయబడదు. అయితే తుపాకి పట్టిన చేయి ఆ బల్లయొద్ద రొట్టె పట్టునప్పుడు ప్రతిమారును తన్ను తాను పరీక్షించుకొనవలసియుండును. ఆ పరీక్ష నీకు భారమగునా, ధైర్యమగునా అన్నది నీవే చూచుకో. ఆజ్ఞ యిచ్చువాడు పైనున్నను, చేసినదానికి లెక్క చెప్పువాడవు నీవే.”

మన రాష్ట్రములో అనేక ఊళ్లలో కాటన్ దొర విగ్రహములు గలవు. ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి, పదునైదవ యేట సైనిక విద్యాలయములో చేరినవాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధములో పనిచేసెను. ఆయన చేరినది ఒక వర్తక కంపెనీ సైన్యము, మన దేశమును లోబరచుకొన్న సైన్యము. అది మరువరాదు. అయినను ఆ సైన్యపు ఇంజనీరే 1847లో ధవళేశ్వరము ఆనకట్ట మొదలుపెట్టించి 1852 నాటికి ముగింపజేసెను. మన మెట్టకు ఆ నీరు రాకపోయినను డెల్టా అన్నము మనమును తింటిమి. ఒకే మనుష్యుని జీవితములో యుద్ధమును, నీరును రెండును ఉన్నవి. చేరినవాడు లోపల ఎట్టివాడైయుండునో చేరునాడే ఎవరును చెప్పలేరు.

ఇక లెక్క చూతము. గోపురము కట్టగోరువాడును, యుద్ధమునకు పోవు రాజును ముందుగా కూర్చుండి లెక్క చూచుకొందురని ప్రభువు చెప్పెను. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వము అగ్నిపథ్ అను పద్ధతిని ప్రకటించెను. అప్పుడు పెట్టిన వయస్సు పదునేడున్నర మొదలు ఇరువదియొక్క యేండ్లవరకు. కొలువు నాలుగేండ్లు. మొదటి యేడు నెలకు 30,000 రూపాయలు. అందులో 9,000 నిధికి పోగా చేతికి 21,000. నాలుగవ యేట 40,000. ముగిసిన పిమ్మట ప్రభుత్వపు వాటాతోను వడ్డీతోను సుమారు 11 లక్షల 71 వేలు. పింఛను లేదు. నూటికి ఇరువదియైదుగురి వరకే సైన్యములో నిలుతురు, మిగిలినవారు ఇంటికి. ప్రకటించిన మూడు దినములకే సికింద్రాబాదు రైల్వే స్టేషనులో అల్లరులు చెలరేగి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించెను. దేశమంతట పిల్లలు ఇంతగా కలత చెందిన విషయమును మనము తేలికగా తీసికొనరాదు.

లెక్కలో రూపాయలు మాత్రమే లేవు. మనకు పొరుగుననున్న సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణమిచ్చెను. ఆ రాత్రి మన సిపాయిలు ఇరువదిమంది పోయిరి. 2025 మే 9న గోరంట్ల మండలము కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అను అగ్నివీరుడు సరిహద్దున ఎదురుకాల్పులలో మరణించెను. ఆ తల్లిదండ్రులకు ఆయన యొక్కడే కుమారుడు. మనము వీరిని సన్మానించుట మంచిదే. అయితే సంతకము చేయు తల్లి చేయి ఎందుకు వణకునో అర్థము కానివాడు సన్మానము చేయుటకు తగడు.

ఈ లెక్కలన్నియు చెప్పిన మీదట పిల్లవానిని ఒక్కటి అడిగితిని. “బాబూ, ఎందుకు పోవుచున్నావు?” దేశము కొరకనెను. మరల అడిగితిని. తలవంచుకొనెను. అక్క పెండ్లికి తండ్రి 1,80,000 రూపాయలు అప్పు చేసినాడట. నూటికి మూడు రూపాయల వడ్డీ. అనగా నెలకు 5,400 వడ్డీకే పోవును, అసలు కదలదు. తండ్రి మామిడితోట కావలి. పిల్లవాని మొదటి జీతమునుండియే ఆ వడ్డీ కట్టవలెనని ఇంటిలో మాట జరిగినది. తల్లికి అది తెలియును. ఆమె నా సలహా అడిగినప్పుడు ఆమె వెనుక కొడుకు మాత్రమే కాదు, అప్పిచ్చినవాడును నిలిచియుండెను.

అప్పుడు నాకు ఎలీషాయొద్దకు వచ్చిన విధవరాలు జ్ఞాపకమునకు వచ్చెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. ఎలీషా ఆమెతో, కుమారులను పంపుమనియు చెప్పలేదు, పంపవద్దనియు చెప్పలేదు. ఇరుగుపొరుగువారియొద్ద పాత్రలు ఎరవు తెమ్మనెను. నూనె అమ్మి మొదట అప్పు తీర్పించెను. మిగిలినదానితో ఆమెయు కుమారులును బ్రదికిరి.

నేను ఇరువది యేండ్లకు పైగా ఈ వాక్యమును ప్రసంగించుచున్నాను. ఆ పాత్రలు ఇరుగుపొరుగువారివని ఆ రాత్రి వరకు నాకు తట్టలేదు.

సంఘపెద్దలు ఇద్దరును నేనును అప్పిచ్చిన పెద్దమనిషియొద్దకు పోతిమి. ఆయన మన సంఘస్థుడు కాడు. రెండు సాయంకాలములు కూర్చుంటిమి. వడ్డీ సగమునకు దిగెను. మన స్త్రీల సమాజమువారును పది కుటుంబములవారును వడ్డీ లేకుండ 60,000 బదులిచ్చిరి. మిగిలినది రెండు మామిడి కాపులలో తీర్చుటకు కాగితము వ్రాయబడినది. అద్భుతమేమియు జరుగలేదు. పాత్రలు తెచ్చినవారు తెచ్చిరి.

తరువాత పిల్లవానితో, “ఇక అప్పు నీ తలమీద లేదు. ఇప్పుడు తీరికగా ప్రార్థించి, నీకేది తోచునో చెప్పుము” అంటిని. నిజము చెప్పవలెనంటే, వాడు మానుకొనునని నా మనస్సులో ఆశ యుండెను. రెండు ఆదివారములు వాడు ఏమియు చెప్పలేదు. మూడవ ఆదివారము వచ్చి, “ఇప్పుడు కూడ వెళ్లాలనే ఉంది అయ్యగారూ” అనెను. ఈసారి తలవంచుకొనలేదు. తల్లి ప్రక్కనే యుండెను. “మొదట నన్ను సంతకము పెట్టమన్నది అప్పు అయ్యగారూ. ఇప్పుడు అడుగుతున్నది నా కొడుకు. నెగ్గితే పెడతాను” అని చెప్పి ఆమె కన్నీళ్లు తుడుచుకొనెను.

వాడు ఇంకను పరీక్ష వ్రాయవలెను. నెగ్గునో లేదో దేవునికి తెలియును. నేను వానిని ఆరాధనలో ముందు నిలువబెట్టను. పేరు చెప్పక ప్రార్థింతుము.

ప్రియులారా, మన దేశములో ఎవరిని బలవంతముగా సైన్యములో చేర్చు చట్టము లేదు. అయితే ఆకలియు అప్పును చట్టము లేకయే మనుష్యుని లాగుకొనిపోగలవు. వెళ్లుమని గాని, వలదని గాని పిల్లవానికి చెప్పకముందు, వానిని లాగుచున్నది ఏదో చూడుడి. మీచేత నైతే ఆ త్రాడు కోయుడి. ఆ పిమ్మట వాడు ఎన్నుకొన్నదానిని గౌరవించుడి. ఉద్యోగము ఇప్పింతునని సొమ్ము అడుగు దళారులను ఇంటికి రానీయకుడి. ఈ చేరికకు ఎవరికిని లంచమియ్య పనిలేదు. వెళ్లినవానికి నెలకొక ఉత్తరమైనను, ఫోనైనను చేయుడి. నాలుగేండ్లకు తిరిగివచ్చినవానిని ఎంత తెచ్చితివని అడుగక, ఎట్లున్నావని అడుగుడి. మనస్సాక్షి ఒప్పక ఆగినవానిని పిరికివాడని పిలువకుడి. మధ్యలో తిరిగివచ్చినవాడు మీ వీధిలో ఉన్నయెడల, ఈ ఆదివారమే వాని యింటికి వెళ్లుడి. నాకును అట్టి యిల్లు ఒకటి యున్నది. ఈ వ్యాసము ముగించి అక్కడికే బయలుదేరుచున్నాను.

సమాధానకర్తయగు దేవుడు మన పిల్లలను, వారి తల్లులను కాపాడును గాక. ఆమేన్.