కుండ ఎవరి కోసం?

మా ఊరి పిల్లవాడొకడు ఇప్పసారా కాయడం నేర్పమని వాళ్ల అవ్వను అడిగాడు. అవ్వ కుండ దగ్గరికి కాదు, చెట్టు కిందికి తీసుకెళ్లింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలిన పువ్వు ఏరాలి, ఎండబెట్టాలి, నీళ్లలో నానబెట్టి పులిసేదాకా రోజులు ఆగాలి. ఆ తర్వాతే పొయ్యి. తీపి పువ్వులోనే ఉంది, బెల్లం అక్కర్లేదు. మొదటి చుక్కలు దేవతకు, పెద్దలకు. ఏరిన పువ్వు ఎంతో, సారా అంతే.

గుడుంబాకు ఆ హద్దు లేదు. దుకాణంలో నల్లబెల్లం, పటిక దొరికినన్నాళ్లూ బట్టీ ఆరదు. అది అమ్మేవాడు కూడా ‘మన ఆచారం’ అంటాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పెళ్లిలో, చావులో పంచే కుండకు ఊరంతా జవాబు చెబుతుంది. అమ్మే సీసాకు ఎవరు చెబుతారు? అలాగని ఇప్పసారా తాగినవాళ్లు ఆడవాళ్లను కొట్టలేదా? కొట్టారు. దాచడమెందుకు?

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని 1996 పెసా చట్టం చెప్పింది. ఎక్సైజు వాళ్లు వచ్చి కుండలు పగలగొట్టేదాకా మనం ఎందుకు ఆగాలి? సభ పెట్టి అవ్వలను ముందు మాట్లాడనిస్తే చాలా తేలుతుంది.

ఆ పిల్లవాడు ఈ ఏడు పువ్వు ఏరి ఎండబెట్టాడు. వాళ్ల నాన్న తాగుడు చూసిన అవ్వ మాత్రం పొయ్యి ఇంకా వెలిగించనివ్వలేదు.