పెసరపొట్టు రంగు గోడ

ఆలివ్ చెట్టు ఎలా ఉంటుందో నేనింతవరకూ చూసిన పాపాన పోలేదు. అయినా మా హాలు గోడలకు ముదురు ఆలివ్ గ్రీన్ వేయించాను. కొత్తగూడలో మా ఫ్లాటు కిటికీలోంచి బొటానికల్ గార్డెన్ చెట్ల తలలు కనిపిస్తాయి. తక్కిన మూడు వైపులా అద్దాల మేడలూ, 2023లో తెరిచిన ఫ్లైఓవరూను. ఆ కాస్త ఆకుపచ్చనైనా ఇంట్లోకి తెచ్చుకుందామని నా ఆశ.

మా అత్తగారు డబ్బాలోకి తొంగిచూసి, "పెసరపొట్టు రంగేగా!" అనేశారు. నిజమే సుమండీ. పసుపు మట్టిరంగులో నలుపు కలిపినా ఇంచుమించు ఇదే వస్తుంది. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకు రంగూ అవుతుంది. ఆ రెంటికీ రాజీ కుదిర్చిన రంగు ఇది.

మావారు మాత్రం, "గుహలా ఉంది. రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడు?" అన్నారు. ముక్కూమొహం తెలియని ఆ కొనబోయేవాడి కోసం మనం ఇరవై ఏళ్లు మీగడ రంగు గోడల మధ్య కాపురం చేయాలా? మన ఇల్లు, మన ఇష్టం! బి.ఏ.లో ఫిలాసఫీ చదివిన పాపానికి గట్టిగానే వాదించి గెలిచాను. గోడకు నప్పాలని స్విచ్‌బోర్డులు కూడా నల్లవి పెట్టించాను.

పది రోజుల తర్వాత ఒక రాత్రి మంచినీళ్లకని లేచాను. అత్తగారు చీకట్లో గోడను అరచేత్తో తడుముకుంటూ స్విచ్ కోసం వెతుకుతున్నారు. ఆవిడకు ఒక కంటికి శుక్లం తీయించాం, రెండోది మసక. తెల్లగోడ తనమీద పడ్డ వెలుతురులో ముప్పాతిక వంతు తిరిగి ఇచ్చేస్తుంది. ఇలాంటి ముదురు రంగు పదో వంతు ఇస్తే గొప్ప. నా కళ్లకు చల్లగా తోచిన నీడ ఆవిడ కాళ్లకు అడ్డం పడుతోందన్నమాట.

1775లో షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త రాగీ, ఆర్సెనిక్ విషమూ కలిపి ఓ చక్కని ఆకుపచ్చ తయారుచేశాడు. తర్వాతి శతాబ్దంలో యూరప్ జనం ఆ రంగు కాగితాలు గోడలకు అంటించి మురిసిపోయారు. ఆ గదుల్లో మసలినవాళ్లు జబ్బుపడ్డారు. కాగితం ఎంచినవాళ్లూ, మంచం పట్టినవాళ్లూ అన్ని ఇళ్లలోనూ ఒకరే అయ్యుంటారా?

"చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను.

"నాదేముందమ్మా! నీ ఇల్లు, నీ ఇష్టం."

మావారి మీద నేను విసిరినప్పుడు ఎంతో న్యాయంగా వినిపించిన మాట, ఆవిడ నోట వినేసరికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. పుట్టింట్లో తండ్రి, అత్తింట్లో మామగారు పండగకు సున్నం కొట్టిస్తే ఆ తెలుపులోనే ఆవిడ బతుకు గడిచింది. ఏ రంగు కావాలని అడిగిన నాథుడు లేడు.

మర్నాడు రంగుల పుస్తకం చేతికిచ్చి, "మీకేది కావాలో చెప్పండి, మళ్లీ వేయిద్దాం" అన్నాను. రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని తిరగేశారు. మూడో రోజు పుస్తకం తిరిగిచ్చేస్తూ, "గోడ అలాగే ఉండనీవే. స్విచ్‌బోర్డు మాత్రం పాత తెల్లదే పెట్టించు" అన్నారు.

పెట్టించాను. ముదురు గోడ మీద అది దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఇప్పుడావిడ తడుముకోవడం లేదు. కానీ నిజంగా ఆవిడకు కావలసింది అదేనా, నా ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక అంతటితో సరిపెట్టుకున్నారా? మళ్లీ అడగబోయి రెండుసార్లు ఆగిపోయాను.