శరీరాన్ని ఉన్నది ఉన్నట్టు చూద్దాం

అద్దం ముందు నిలబడినప్పుడు మీకు కనబడేది మీ ముఖం ఒక్కటేనా? "నల్లగా ఉంది", "పొట్టోడు", "బాగా లావయ్యావు" అని చిన్నప్పటి నుంచి విన్న మాటలు కూడా కనబడటం లేదూ? ఆ మాటల్ని నమ్మి మనల్ని మనమే తక్కువ చేసుకుంటాం.

"నువ్వూ అందంగానే ఉన్నావులే" అని ఎవరైనా ఓదార్చితే అది సాయంత్రం దాకా నిలవదు. ఎందుకంటే కొలబద్ద అలాగే ఉంది. ధమ్మం ఆ కొలబద్దనే పట్టుకుంటుంది. "నేను ఎక్కువ" అనుకున్నా, "నేను తక్కువ" అనుకున్నా రెండింటినీ పాళీలో 'మాన' అనే అంటారు. గర్వమూ న్యూనతా పోలికకు పుట్టిన కవలలు.

మరి దారేది? సతిపట్ఠాన సుత్తంలో మొదటి పాఠం కాయానుపస్సన. అంటే శరీరాన్ని శరీరంగా చూడటం. ఊపిరిని, నడకను, కూర్చోవటాన్ని ఎరుకతో గమనించాలి. తర్వాత వెంట్రుకలు, గోళ్ళు, పళ్ళు, చర్మం, ఎముకలు అంటూ ఒక్కో భాగాన్నీ గమనించాలి. సంచి మూతి విప్పి ఇవి వడ్లు, ఇవి పెసలు, ఇవి నువ్వులు, ఇవి బియ్యం అని గుర్తుపట్టినట్టు చూడమన్నాడు బుద్ధుడు. నల్లగా ఉన్నాయని నువ్వుల్ని ఎవరూ చిన్నచూపు చూడరు కదా!

ఒక జాగ్రత్త. చూడమంటే అసహ్యించుకోమని కాదు. వైశాలిలో కొందరు భిక్షువులు అశుభ భావన చేస్తూ తమ శరీరాల మీదే రోత పెంచుకుని ప్రాణాలు తీసుకున్నారని వినయ పిటకం చెబుతుంది. అది తెలిసిన బుద్ధుడు సంఘాన్ని పిలిచి ఆనాపానసతి, అంటే శ్వాస మీద ఎరుక, నేర్పాడు. శరీరాన్ని ద్వేషించే చదువు ధమ్మం కాదు.

ఇంకో మాట. చెట్లకూ పక్షులకూ జాతి గుర్తులు ఉంటాయి గానీ, మనుషుల తలలో, కళ్ళలో, చేతుల్లో, రంగులో పుట్టుకను చెప్పే గుర్తులు లేవని వాసెట్ఠ సుత్తంలో ఇద్దరు బ్రాహ్మణ యువకులకు బుద్ధుడు వివరించాడు. "ముట్టుకోకు" అన్న మాటను తరతరాలుగా ఒంటి మీద మోసినవాళ్ళకు ఇది మామూలు సంగతి కాదు. మచ్చ మన ఒంట్లో లేదు, చూసేవాడి కంట్లో ఉంది.

దీన్ని ఇంట్లోనే మొదలుపెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు పిల్లల చేత పొట్ట మీద చెయ్యి పెట్టించి, ఐదు నిమిషాలు ఊపిరిని గమనించమనండి. శరీర భాగాల పేర్లన్నీ దాపరికం లేకుండా చెప్పండి. నెలసరి మైల కాదని ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికీ చెప్పండి. రంగు మీద జోకులు మానండి.

ఇలా పెరిగిన పిల్లను రేపు బడిలో ఎవరో వెక్కిరించవచ్చు. ముఖం వేడెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది. "ఇది వేడి, ఇది దడ, వచ్చింది, పోతుంది" అని ఆ పిల్లకు తెలుస్తుంది. బాధ తప్పకపోవచ్చు. కానీ ఆ మాటే 'నేను' అని మాత్రం అనుకోదు. తలెత్తి జవాబు చెప్పే బలం అక్కడి నుంచే వస్తుంది.

ఈ రాత్రే మొదలుపెట్టి చూడండి. ముందు మీ ఊపిరితో.