తలుపు చాటున ఎవరు?

ఎవరికి రాస్తున్నామో తెలియకుండా ఉత్తరం రాయగలమా? "ఇదేం ప్రశ్నండీ?" అంటారు మీరు. నిజమే. అమ్మకి రాసే మాట వేరు, వియ్యపురాలికి రాసే మాట వేరు. కార్డుముక్క అయితే పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారిదాకా అందరూ చదివేస్తారని తెలుసు గనుక, ఇంటిగుట్టు దానిమీద ఎవరూ రాసేవారు కాదు. అది కవరు కోసం ఆగేది.

ఇప్పుడు ఉత్తరం ఈమెయిల్ అయింది. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య 'ఎట్' గుర్తు పెట్టి చిరునామాకి కొత్త రూపం ఇచ్చాడు. రూపం మారినా పాత ప్రశ్న మారలేదు. నా మాట ఎవరి చెవిన పడుతోంది?

ఈ ఉత్తరానికి మూడు గడులుంటాయి. 'టు'లో ఉన్నవారు అసలు గ్రహీతలు. 'సీసీ' అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్లో నల్లకాగితం పెట్టి నకళ్ళు తీసిన రోజులనుంచి మిగిలిన పేరు. ఈ రెండు గడుల్లోవారూ అందరికీ కనిపిస్తారు. మూడోది 'బీసీసీ'. అందులోవాళ్ళు ఉత్తరం చదువుతారు, చదివారని మిగతావాళ్ళకి తెలియదు.

అత్తగారిని ఆరు నెలలు మీ దగ్గర ఉంచుకోగలరా అని తోడికోడలికి రాసి, చాటుగా ఒక నకలు ఆడపడుచుకి పంపారనుకోండి. రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా మోసం ఉందా, లేదా? ఉందనే అంటాను. ఇద్దరి మధ్య మాట అనుకుంటోంది ఆ తోడికోడలు. అప్పటికే పంచాయితీ మొదలైంది, సాక్షి కూర్చుంది. పైగా ఆ ఆడపడుచు 'అందరికీ జవాబు' మీట నొక్కిందా, గుట్టంతా బయటపడుతుంది!

అలాగని ఆ మూడో గడి పాపిష్టిదేం కాదు. యాభైమందికి పేరంటం పిలుపు పంపేటప్పుడు, ఒకరి చిరునామా మరొకరి చేతికి పోకుండా అందులో పెట్టడమే మర్యాద. అక్కడ దాచింది చిరునామాని. ఇక్కడ దాచింది వినేమనిషిని. తెర ఒకటే, దాని వెనక బుద్ధి వేరు. ఏది ఏదో తేల్చుకోవడానికి నాకు తోచిన పరీక్ష ఒక్కటే. ఫలానావారు కూడా చదువుతున్నారని తెలిస్తే, ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారా? నొచ్చుకుంటారనిపిస్తే, ఆ పేరు పైకి తీసి చూపించాలి, లేదా మానెయ్యాలి.

ఇక ఉత్తరాలు చూపించే ఆ యాప్‌ల సంగతి. జీమెయిల్‌లో వచ్చిన ఉత్తరం తెరిస్తే, చాలాసార్లు పంపినవారి పేరు కింద క్లుప్తంగా 'నాకు' అని ఉంటుంది. పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితేగానీ పూర్తి చిరునామా కనబడదు. పరిచయస్తుల్లో ఇద్దరు పద్మలుంటే, ఏ పద్మకి వెళ్తోందో పేరు చెప్పదు, చిరునామా చెప్పాలి. తెరమీద చోటు కలిసిరావడం మంచిదే. కానీ వినేవారెవరో తెలియడం అంతకన్నా ముఖ్యం కాదూ? అది అలంకారం కాదు, మాటలో భాగం.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు మాట్లాడుకునే గదిలోకి వచ్చేముందు గుమ్మం దగ్గర చిన్నగా దగ్గేవారు. "నేనున్నాను, చూసుకుని మాట్లాడుకోండి" అని దానర్థం. పేరు కనబడేలా పెట్టడం ఆ దగ్గులాంటిదే. దానికి ఖర్చేముందండీ?