మీ ఇష్టం అత్తయ్యా!

చదరంగంలో మొదటి ఎత్తు అనగానే రాజు ముందు బంటో, మంత్రి ముందు బంటో రెండు గళ్ళు నడవాలని చిన్నప్పుడే నూరిపోస్తారు. నడుమ నాలుగు గళ్ళూ ఎవరి ఏలుబడిలో ఉంటే ఆట వాళ్ళదేనట. అరుగు మధ్యన కూర్చున్న పెద్దమనిషి మాటే చెల్లుతుంది కదూ, అలాగన్నమాట!

1924లో న్యూయార్కు పోటీలో టార్టకోవర్ ఈ పాఠాన్ని పక్కన పెట్టేశాడు. ముందురోజు జంతు ప్రదర్శనశాలకి వెళ్ళి, సూసన్ అనే ఒరాంగుటాన్‌ని సలహా అడిగాడట ఆ మహానుభావుడు! అది చెప్పిందంటూ, మరోచీతో ఆడుతూ మంత్రివైపు గుర్రం ముందున్న బంటుని రెండు గళ్ళు తోశాడు. ఆ ఎత్తుకి ఒరాంగుటాన్ అనే పేరు స్థిరపడిపోయింది.

నవ్వులాటగా ఉన్నా అందులో మతలబుంది. నల్లవాడు సంబరంగా రాజు ముందు బంటుని నడుమకి తెస్తాడు. తెల్లవాడు తన బంటు ఖాళీ చేసిన గడిలో శకటుని కూర్చోబెడతాడు. అక్కణ్ణించి అది ఐమూలగా ఆ నడిమి బంటునే చూస్తుంటుంది. నల్లవాడు తన శకటుతో పక్కనున్న బంటుని కొట్టేస్తే, తెల్లవాడు నడిమి బంటుని కొట్టేస్తాడు. బంటుకి బంటు, లెక్క సరి. కానీ పోయింది వారనున్నది, వచ్చింది నడిబొడ్డుది!

మరి ఇలా ఎదుటివాడికి నడుమ చోటు వదిలిపెట్టడం ఒదిగి ఉండటమా, పొంచి ఉండటమా?

చదరంగంలో అయితే తప్పేం లేదంటాను. బల్లమీద దాపరికం లేదు. శకటు చూపు ఎటుందో నల్లవాడికీ కనిపిస్తూనే ఉంటుంది. పైగా దెబ్బలూ తగుల్తాయి. టార్టకోవర్ ఆ ఆట ఓడాడు. 1970లో బెల్‌గ్రేడ్‌లో లార్సెన్ అదే బంటుని ఒక్క గడి జరిపి మొదలుపెట్టి, స్పాస్కీ చేతిలో 17 ఎత్తుల్లోనే చిత్తయ్యాడు.

చిక్కల్లా సంసారంలోనే. ఇక్కడ ఎదుటివాళ్ళకి ఆట మొదలైందనే తెలీదు.

మా అమ్మాయిని హాస్టల్లో ఉంచి చదివించడానికి మా అత్తగారు ససేమిరా అన్నారు. "మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను. ఆవిడ మొహం ఎంత విప్పారిందో! ఆ రాత్రే దరఖాస్తు నింపాను. సీటొచ్చి, ఫీజు కట్టి, పెట్టె సర్దేశాక చెప్పాను. పిల్ల చదువుకుంది. అందుకు నాకు విచారం లేదు. ఆ "మీ ఇష్టం" మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

అరుస్తారనుకున్నాను. అరవలేదు. తమలపాకుల ఈనెలు తీస్తూ చాలాసేపు కూర్చుని, "అప్పుడే కాదని ఉంటే పోట్లాడుకునేవాళ్ళం గదే" అన్నారు.